సగం టిక్కు

గుంటకు నూటఇరవై ఒక్క గజాలని
నిద్రల లేపి అడిగినా చెప్త.
దీని లెక్కే నోటికి రాదు.
అద్దంల గీతలేమో మిల్లుల్ల గీసిండ్రు,
పైన తిప్పే మరకేమో మినిట్లు చెక్కిండ్రు.
ఒక్క గొట్టంల రెండు భాషలు.

రేగొండ అవతల మక్కచేను.
పందులు నాలుగు సాళ్లు తొక్కిపోయినయని
పంచాయతోళ్లు కాగితం రాసి పిలిచిండ్రు.
హద్దురాయి కాడికి రెండు వందల మీటర్లు,
పగటిపూటనే టేపు పట్టి చూసుకున్న.

నడిరాత్రి దాటినంక ఎన్నెల్ల
గట్టు మీద నల్లటి మూపు.
మూడున్నర గీతల ఎత్తు.
ఇంత దూరంల గీతకు ఇరవై సెంటీలు,
అంటే డెబ్బై. పందే.

గుండు జారేది ఒకటి పాయింట్ రెండు మిల్లులు.
మూడు పాయింట్ నాలుగు నాలుగుతోని గుణించాలె.
పెదవులు కదులుతున్నయి,
బడిల ఎక్కం అప్పజెప్పినట్టు.
నాలుగు మినిట్లు, మీద జరంత.
మినిటుకు నాలుగు టిక్కులు.
పదహారున్నర.

మరకు సగం టిక్కు లేదు.
పదహారా, పదిహేడా
బొటనవేలు అక్కడ్నే ఆగింది.

పంది దగ్గింది.

దగ్గి, గొంగడి సర్దుకొని,
అగ్గిపుల్ల గీసింది.
ఆ వెలుగుల ఓదెలు మొఖం,
నిలువుగీత, అడ్డగీత కలిసేకాడ.

తూటా తీసి జేబుల ఏసుకున్న.
దగ్గరికి పోతే
"పందులు కనవడ్డయా అన్నా?" అన్నడు.
లేదన్న.
చెరో బీడీ ముట్టిచ్చినం.
నాది రెండుసార్లు ఆరిపోయింది.

పొద్దున తుపాకి తుడుస్తుంటే
మర పదహారు కాడ్నే ఉన్నది.
సున్నకు తిప్పబుద్ధి కాలే.