భుజం పధ్నాలుగున్నర

సుబేదారి సందుల నాది పదడుగుల దుకాణం.
'యాకమ్మ లేడీస్ టైలర్' అని రాయించిన బోర్డుల
'లేడీస్' మాట ఎండకు ఎలిసిపోయింది.
ఖాకీలు కుట్టుడు మొదలైనంక
మళ్ల రాయించలే.

గుగులోతు అఖిల, నెక్కొండ అవతలి తండా పిల్ల,
సెలవు మీదొచ్చి
సంచిలకెల్లి డ్రెస్సు తీసి బల్ల మీద పరిచింది.
ఆకు రంగు, మట్టి రంగు, మచ్చలు మచ్చలు.
"గిది మొగోని కొలతక్కా.
భుజాలు జారుతున్నయ్, నడుము కాడ బస్తా.
బోర్ల పండుకొని గురి చూస్తే
ఛాతీ మీది జేబు పక్కటెముకల్ల గుచ్చుతది.
గురి తప్పితేనేమో
ఆడోళ్లకు చాత గాదంటరు."

స్టూలు మీద సారయ్య సారు,
రిటైరైన హెడ్డు, గుండీ కోసమొచ్చి గంట సేపాయె.
"ఆడపిల్లను ముందట నిలబెడితే
పక్కనున్నోడు ఆమెను కాపాడబోయి తను సస్తడు.
పట్టుబడితే ఏం గావాలె బిడ్డా?"
చెడ్డ మాట కాదు. చెడ్డ మనిషి గూడ కాదు.
జిరాక్సు దుకాణం పిల్లగాడు ఊకుంటడా,
"ఖిల్లాల రాణి కత్తి పట్టలేదా సారూ?"
జవాబు దొరకనప్పుడు మా ఓరుగల్లుల
అందరు రాణినే పిలుస్తరు.
ఏడువందల ఏండ్లాయె, పాపం,
ఆమెకొక్క దినం సెలవు లేదు.

అఖిల ఇద్దరి దిక్కు చూడలే.
"పట్టుబడితే సంగతి నేను ఆలోచించిన సారూ.
మీరు గదొక్కటే ఆలోచించిన్రు,
నేను మిగిలినయి గూడ.
మా తండాల చీకటి పడినంక బోరింగు కాడికి పోవాల్నన్నా
తోడు తీస్కపొమ్మంటరు.
భయం లేని జాగ ఏదున్నదో చెప్పున్రి,
గక్కడికే పోత."

సారయ్య సారు గుండీ దిక్కు చూసుకున్నడు.

"డ్యూటీ యాడ బిడ్డా?" అన్న, టేపు తీస్కుంట.
"గోదావరి అవతల. అడవి."

అడవి.
పరకాలల ఉన్నప్పటి ముచ్చట.
ముసురు పట్టిన రాత్రి, తలుపు మీద రెండే దెబ్బలు.
పచ్చటి గుడ్డ తాను, మూడు చీటీలు.
రెండు మామూలు కొలతలు.
మూడోది:
భుజం పధ్నాలుగున్నర, నడుము ఇరవై ఆరు.
ఎవరని అడగలే.
అడిగినోళ్లకు, చెప్పినోళ్లకు
ఆ రోజులల్ల నిద్ర లేకుండె.
జేబు లోపల ఇంకో చిన్న జేబు కుట్టిన,
చీటీల రాయలే, నా అంతట నేనే.
ఆడపిల్ల కదా, నెలనెల అవసరాలుంటయ్,
అడవికేం తెలుస్తది.

బతుకమ్మ పోయిన వారానికి
పేపర్ల ఫోటో.
ఎంజీఎం మార్చురీ ముందట వరుసగ పండవెట్టిన్రు.
ముఖం ఆనవాలు లేదు.
కుట్టు గుర్తుపట్టిన.
గా నెలనే పరకాల ఇడిసిన.

అఖిల ఈపు మీద టేపు పెట్టి చూస్తే
అంకె నా కండ్ల ముందట నిలబడ్డది.
ఆ అరంగుళం గూడ తప్పలే.
"ఏమైందక్కా, చెయ్యాగింది?"
"ఏం లే. సూది."

పోవాల్నా వద్దా అని నన్నెవరు అడగలే.
అడిగితే
నా దగ్గర ఒక్క మాట లేదు, రెండున్నయ్,
ఒకదాంతో ఒకటి పొసగయ్.
నీ కాళ్లు, నీ కండ్లు, నీ గురి,
మొగోని కంటె తక్కువని చెప్పెటోడెవడు? ఇదొకటి.
గా చెట్ల నడుమ నీకెదురుగ
ఎవరు కుట్టిన అంగి నిలబడుతదో బిడ్డా.
ఇది రెండోది.
ఇది మొగపిల్లగానికి ఎన్నడన్న చెప్పిన్నా?
చెప్పలే. ఖాకీ ఇచ్చి పైసలు తీస్కున్న.

భుజాలు ఇప్పిన, మళ్ల ఎక్కిచ్చిన.
ఛాతీ జేబు పీకి జబ్బ మీదికి జరిపిన.
నడుముకు రెండు దిక్కుల కుదించిన,
కోసిన గుడ్డ పారెయ్యలే, లోపలనే మలిచిన.
చిన్న జేబు గూడ కుట్టిన.
ఆమె అడగలే, నేను చెప్పలే.

తెల్లారి వచ్చి తొడుక్కున్నది.
అద్దంల చూసుకుంటదనుకున్న.
పేలికలు, దారప్పోగుల నడుమ
దభేలున బోర్ల పండుకొని, మోచేతులానిచ్చి,
ఉత్త చేతులతోని వాకిలి దిక్కు గురి పెట్టింది.
బయట బడి పిల్లలు పోతున్నరు,
ఒకడాగి చెయ్యి ఊపిండు.

"ఇప్పుడు గుచ్చుతలేదక్కా" అన్నది.