తప్పు కూడిక

పర్లాకిమిడి బజారులో మా కొట్టు.
బోర్డు ఒడియాలో, బేరం తెలుగులో.
ఖాతా పుస్తకం, నాన్న పోయాక, నా కోడిగీతల్లో.

అందులో ఒక పేజీ దమయంతి టీచరుగారిది.
సుద్దముక్కలు రెండు పెట్టెలు. చార్టులు నాలుగు.
జిగురు సీసా. పెన్సిళ్లు డజను.
"చెక్కేది కూడా ఇయ్యి నాయనా,
బ్లేడుతో వేళ్లు కోసుకుంటన్నారు."

తెలుగు వాచకాలు నా దగ్గర దొరకవు.
ఆదివారం పాతపట్నం వెళ్లి
ఎవరో చదివి వదిలేసినవి ఏరుకొస్తుంది.
ఆ ఆటో డబ్బులు ఏ ఖాతాలోనూ లేవు.

ఒకటో తారీకున నేను కూడతాను.
తొమ్మిదీ ఏడూ పదహారు,
ఆరు వేస్తాను,
చేతిలో ఒకటి
చేతిలోనే ఉంచేసుకుంటాను.

"ఒరే ఢిల్లేశూ, ఆ ఒకటి ఏదిరా?"
ఎర్రపెన్నుతో గుండ్రంగా చుట్టేది.
మూడో తరగతిలో నా పలక మీదా ఇదే చుట్టు.
ముప్ఫయ్యారేళ్లొచ్చాయి నాకు,
చెయ్యి దానంతటదే చెవి మీదకి పోతుంది.
చిల్లరతో సహా కట్టి వెళ్లేది.

ఈ ఏడు వానలకి పక్కూరి బడి కూలింది.
ఆ పిల్లలూ ఆవిడ గదిలోకే వచ్చారు.
పద్దు రెండో పేజీకి పాకింది.
సిగ్గు విడిచి, వంద మింగేశాను.

కళ్లద్దాలు తుడుచుకుంది.
పైనుంచి కిందికి ఒకసారి,
కిందినుంచి పైకి ఒకసారి.
పెదాలు ఒకచోట ఆగాయి.
ఎర్రపెన్ను మూత తీసింది.

తప్పు కూడిక పక్కన
టిక్కు.

"చెవి వదలరా" అంది.