గ్రిమ్స్‌బీ లాండ్రీలో ఒక క్రియాపదం

ఓడ ఇంజను మొరాయించి
ఈ రేవులో పదకొండు రోజులు.
ఉప్పు పట్టిన బట్టలు మూటగట్టి
చేపల గోదాముల వెనక సందులో
డోరీన్ స్కెల్టన్ లాండ్రీకి వెళ్ళాను.
తలుపు మీద చేత్తో రాసిన కాగితం:
రంగులు ‘రన్’ అయితే మా పూచీ లేదు.

మనకైతే రంగు దిగుతుంది, ముక్కు కారుతుంది,
కుళాయిలో నీళ్ళొస్తాయి, జ్వరం తగులుతుంది.
వీళ్ళకి అన్నీ పరుగే.
మన బస్సు ఎంత వేగంగా పోనీ, నడుస్తుందనే అంటాం.
బడి నడుస్తుంది, కొట్టు నడుస్తుంది,
కోర్టులో కేసు తాత నుంచి మనవడి దాకా నడుస్తుంది,
అప్పో సప్పో చేసి సంసారమూ నడుస్తుంది.
ఇక్కడ ఏదీ నడవదు.
మూడో నంబరు బస్సు పరిగెడుతుంది,
అదీ ఇరవై నిమిషాలు ఆలస్యంగా.
ఆ ఆలస్యం కూడా పరుగేనట.
ఎన్నికల్లో మాత్రం మనలాగే నిలబడతారు;
అక్కడా పరిగెత్తేది అమెరికావాళ్ళని
డోరీన్ మూతి తిప్పింది.

డ్రయ్యరు పక్క బెంచీ మీద షేర్జాద్.
కుర్దు కుర్రాడు, వచ్చి నాలుగు నెలలు.
పని చెయ్యడానికి కాగితాలు లేవు,
వెచ్చగా ఉంటుందని వచ్చి కూర్చుంటాడు.
మొదటి వారం డోరీన్ టీ పెడుతూ
‘పాలు రన్ అవుట్’ అందట.
లేచి వెళ్ళి వీధి తలుపు వేసొచ్చాడట.
నేనైతే అంపైరు కోసం వెతికేవాణ్ణి.

డోరీన్‌కి డెబ్భై ఒకటి.
మోకాళ్ళు రెండూ అరిగాయి, మెట్టుకో మూలుగు.
నలభై ఏళ్ళుగా ఈ కొట్టుని ‘రన్’ చేస్తోంది.
ఆ నొప్పి వాళ్ళ వంశంలోనే పరిగెడుతోందట,
అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి తనకి.
ముగ్గురిలో ఎవరూ బస్సు వెంటైనా పరిగెత్తి ఎరగరు.

నాన్న చేపల పడవ మీద సరంగు.
ఐస్‌లాండ్ పక్క, మంచు తుఫానులో,
పడవ రాళ్ళ మీదికి ‘రన్’ అయింది.
అది చెప్పేటప్పుడు మాత్రం
ఆమె మాట నడిచింది,
ఒక్కో అడుగూ తడిమి చూసుకుంటూ.

షేర్జాద్ ఒళ్ళో ఒక ఫారం.
దేశం ఎందుకు విడిచారు అన్న చోట, అరపేజీ ఖాళీలో,
ఒక్కటే మాట రాశాడు: రన్.
చాలదంది లాయరమ్మ.
ఎవరి నుంచి, ఏ దారిన, ఏ తేదీన?
డోరీన్ బల్ల కిందనుంచి
అట్ట ఊడిన డిక్షనరీ లాగింది.
ఆ మూడక్షరాల కింద నాలుగు పేజీలు.
‘నీది ఎన్నోదో చూడు నాయనా.’
అతని వేలు దిగుతూ పోయింది,
గుర్రప్పందెం, జలుబు,
కోళ్ళు తిరిగే దడి,
నాటకం ఎన్ని వారాలాడిందో ఆ లెక్క.
రాత్రిపూట, కంచె దగ్గర,
తమ్ముడి చెయ్యి జారిపోయిన పరుగు
ఏ నంబరు కిందా లేదు.

ఏదో ఒకటి అనాలి కదా అని
వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను:
మా భాషలో ‘పారు’ అని ఒక మాటుంది.
కాలవలో నీళ్ళు పారతాయి.
ప్రాణభయం ఉన్నవాడు పారిపోతాడు.
జూదంలో పాచిక పారుతుంది.
‘పారితే గెలుపా?’ అన్నాడు.
గెలుపే.
‘పారకపోతే?’

యంత్రం ఒణికి ఆగింది.
గొట్టంలోంచి మురికినీళ్ళు
చాలాసేపు పోయాయి.

లేచి బట్టలు తీశాను.
తెల్ల చొక్కాకి లేత నీలం అంటుకుంది,
సంకల దగ్గర కాస్త ఎక్కువగా.
డోరీన్ తలెత్తకుండా
తలుపు మీది కాగితం కేసి వేలు చూపింది.
షేర్జాద్ ఒక చేతిని అందుకున్నాడు, నేనొకటి.
ఇద్దరం కలిసి మడతపెట్టాం.