మూడో అధ్యాయంలో పంటు ఎక్కినవాడు

టిక్కెట్టు పుస్తకాల అడుగు అట్టల మీద
ఏడాదిన్నరగా ఒక నవల రాస్తున్నాను,
సఖినేటిపల్లి రేవులో, పంటుకీ పంటుకీ మధ్య
దొరికే ఇరవై నిమిషాల్లో.

ఏడుపాయల రాజ్యం అని పేరు పెట్టాను.
అందులో నది మాట్లాడుతుంది, పోటు మీదున్నప్పుడు మాత్రమే.
మడపీతలకు జ్యోతిషం తెలుసు.
లంకలు రాత్రిపూట చోటు మారతాయి,
పొద్దున్నే ఏ చేను ఎవరిదో తేల్చడానికి
ఒక ముసలి కరణం పడవలో తిరుగుతుంటాడు.
ఇంతవరకూ బాగానే సాగింది.
దుర్మార్గుణ్ణి తెచ్చే చోటే
కథ ఇసుకమేట మీద కూర్చుంది.

మొదట ఘోరదంష్ట్రుడన్నాను.
నల్లగుర్రం ఎక్కించాను. మెరుపులు, పుర్రెల దండ,
మూడు పేజీల అట్టహాసం.
ఆ గుర్రం లంక బురదలో ఎలా నడిచిందో
నాకే తెలీదు.

తొలి పంటుకి వచ్చే ఓలేటి నూకరత్నం
చేపల గంప దించి, నా చేత చదివించుకుని
చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"ఆయ్, అంత చప్పుడు చేసుకుంటా వచ్చేవోణ్ణి చూసి
భయమెందుకండీ? పక్కకి తప్పుకుంటాం.
తుఫానైనా అలా రాదు కదండీ.
ముందురోజు గాలి ఆపేస్తది.
సరుగుడు తోటలో ఒక్క సూదాకు కదలదు.
ఆ పూట ఆరేసిన బట్టలు ఆరవండి, అంతే."

ఆ మాట రాసుకున్నాను. గుర్రాన్ని కొట్టేశాను.
పుర్రెల్ని మాత్రం కొన్నాళ్ళు ఉంచుకున్నాను,
మనసొప్పక.

తర్వాత ఒక ముసురు పొద్దున, పంటు ఆలస్యమైతే
నేనడక్కుండానే చెప్పింది:
"మా పడవ పట్టుకుపోయినాయన
మొదటిసారి వచ్చినప్పుడు ఏం చేశాడో తెల్సాండీ?
బోర్లించిన పడవ మీద మా ఆయన పక్కన కూర్చుని
వల కుట్టే సూది అందుకున్నాడు.
చిరిగిన కన్ను ఒకటి కుట్టాడు.
ముడి ఎంత బాగా పడిందంటే
మా మామ మంచం మీంచి లేచొచ్చి చూశాడు.
టీ తాగాడు. గ్లాసు తనే కడిగి బోర్లించాడు.
రెండేళ్ళకి పడవ పోయింది, ఇంజను పోయింది.
ఆ ముడి మాత్రం ఇప్పటికీ ఊడలేదండి."

ఆ రోజు రెండు పంట్లు దాటాయి.
నేనేమీ రాయలేదు.

మళ్ళీ మొదలెట్టిన మూడో అధ్యాయంలో
అతను అందరిలాగే వరసలో నిలబడతాడు.
చొక్కాకి రెండో గుండీ ఉండదు
(ఆ గుండీ ఊడగొట్టడానికి నాకు నెల పట్టింది).
కరణంగారి పడవ తాడు తెగితే
బురదలో మోకాళ్ళు ఆనించి ముడేస్తాడు.
"ఆయ్, పర్లేదండి" అంటాడు, అచ్చం మనలాగే.
చదివేవాళ్ళకి అతను నచ్చాలి.
నచ్చినందుకు వందో పేజీ దగ్గర
ఎవరూ చూడకుండా సిగ్గుపడాలి.

ఒక్కటే తేడా పెట్టాను.
అది పోటు వేళ, నది మాట్లాడాలి.
మాట్లాడదు.
ఎందుకని ఎవరూ అడగరు, నేనూ చెప్పను.
చెవిలో నీళ్ళు పోయాయేమోనని కరణం
తల ఒంచి తట్టుకుంటాడు, అంతే.

పేరింకా పెట్టలేదు.
ఘోరదంష్ట్రుడన్న పేరు రేవులో కుక్కకి ఇచ్చేశాను.
అది తోకాడించింది.

నిన్న నూకరత్నానికి వినిపించాను.
ఈసారి నవ్వలేదు. గంప మీద గోనె సర్దింది.
"టిక్కెట్టు తీసుకున్నాడాండీ?"
తీసుకున్నాడు. సరిపడా చిల్లర ఇచ్చాడు.
"పోనూ రానూనా?"
కాదు. ఒకవైపే.

పంటు కూత పెట్టింది.
గంప నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేసి ఆగి,
వరసలో నిలబడ్డ మగాళ్ళ చొక్కాల వంక
ఒక్కొక్కటే చూసుకుంటూ
ఆమె పంటు ఎక్కింది.