ముప్పయ్యో రోజు

మా బడికి గంట లేదు.
ఎనిమిదయ్యేసరికి నా తెర మీద
ఒక్కో పేరు పక్కన ఒక్కో పచ్చచుక్క మొలుస్తుంది,
చిలోయే దీవుల్లో ఎక్కడో ఓ కిటికీ తెరిచినట్టు.

కాస్త్రో రేవులో, వలలమ్మే కొట్టు పైగదిలో
నేనూ, ఓ మొండి హీటరూ,
రెండువందల పద్నాలుగు మంది పిల్లలూ.
పాఠం చెప్పేది నేను కాదు.
మర్చిపోయిన పాస్‌వర్డులు వెతికి పెడతాను.
పదమూడేళ్ల రాయెన్ కెమెరా ఎందుకు తెరవదో
వాళ్ల అమ్మమ్మతో ఫోన్లో
వాన గురించీ బంగాళాదుంపల గురించీ మాట్లాడి మాట్లాడి
తెలుసుకుంటాను:
ఉన్నది ఒకటే గది,
వెనక మంచం మీద తాతయ్య.
మర్నాడు "కెమెరా తప్పనిసరి" అన్న నియమాన్ని
ఎవరికీ చెప్పకుండా తీసేస్తాను.

ఒక్క నియమం మాత్రం నా చేతిలో లేదు.
ముప్పై రోజులు చుక్క మొలవని పేరుని
యంత్రం తనంతట తానే చెరిపేస్తుంది.

యెర్కో చిగ్వాయ్, ఏడో తరగతి.
తండ్రితో పడవ మీద, ఏ జలసంధిలోనో.
ఇరవై ఏడు.
ఇరవై ఎనిమిది.
ఇరవై తొమ్మిదో రోజు రాత్రి, రేకుల మీద వాన.
వాడి పాస్‌వర్డు నాకు తెలుసు,
కుక్కపిల్ల పేరూ, పక్కనో ఏడూ.
కొట్టాను.
దొంగతనమే. వేళ్లు వణికాయి.
వాడి పేరు పక్కన పచ్చచుక్క,
ఆ చుక్కలో నలభయ్యారేళ్ల నేను,
ఏడో తరగతి బెంచీ మీద.

తొమ్మిదో నాటి తెల్లవారుజామున
సర్వర్ ఒక్కసారిగా ఉలిక్కిపడింది.
నలభై ఒక్క హోంవర్కులు
పోటుకి ఒడ్డున పడ్డట్టు ఒకదాని మీద ఒకటి.
భిన్నాల కాగితం మీద చేప పొలుసు.
వ్యాసం సగంలో ఉప్పునీటి మరక.
భూగోళం, నాలుగో ప్రశ్న:
మీ ఇంటికీ బడికీ దూరమెంత?
జవాబు: "పడవ కొయ్య ఎక్కితే మూడు బారలు.
పైన ఫోన్ పట్టుకుంటే సిగ్నల్ వస్తుంది.
గాలి ఉంటే నాన్న ఎక్కనివ్వడు,
అప్పుడు దూరం తెలీదు."

అన్నిటికీ అడుగున, పెన్సిల్‌తో:
"నేను లేనప్పుడు ఒక రాత్రి
నా పేరుతో ఎవరో బడికొచ్చారట.
థ్యాంక్స్.
కానీ లెక్కలు చెయ్యకుండానే వెళ్లిపోయారు."

హీటరు ఆరిపోయింది.
ఆరో లెక్క నాకింకా తేలడం లేదు.