రెండు తక్కువ

మండలాఫీసు గేటుకెదురుంగ
నాదొక జిరాక్సు డబ్బా.
కాపీకి రెండు రూపాయలు.
రాయొచ్చినోళ్లకు పెన్ను ఉత్తగనే,
రానోళ్లకు నా చెయ్యి.
ఎడమకాలు పోలియోది. అది ఇప్పిచ్చిన నౌకరే ఇది.
నా దరఖాస్తు నేనే నింపుకుంట నింపుకుంట
నేర్చుకున్న, ఊరందరియి నింపుడు.

గల్లాపెట్టె కింద పొడుగు బుక్కొకటి ఉంటది,
మా నాయిన కిరాణం ఖాతాది.
ముందు సగం బాకీలు: చింతపండు, గ్యాసునూనె,
ఎప్పటికీ రాని పైసలు.
ఎన్క సగం నా రాత:
చెవులోళ్లు సోమవారం పోవద్దు, ఆ డాక్టరు రాడు.
కండ్ల పరీక్షకు పరగడుపు అక్కర్లేదు, తినే పోండ్రి.
మూడు చక్రాల బండ్లకు నల్లగొండల సంక్షేమం ఆఫీసు.
మెట్లున్నయి, పదకొండు.
అవును, ఆ ఆఫీసుకే.
బస్సు పాసుకు డిపోల పర్వీన్ మేడమును అడుగు,
అరుస్తది గని చేసిపెడ్తది.
కేతావత్ మంగ్తి కొడుక్కు పెద్ద పరీక్ష పట్నంల,
తోడొకలు, సద్ది కట్టుకపోవాలె.

మొన్న మంగళారం
మర్రిగూడ దిక్కుకెల్లి బైకాని లింగమ్మ వచ్చింది.
మీసేవల స్లాటు దొరికెతందుకు నాలుగు నెలలు,
సదరం కాయితం వచ్చెతందుకు ఇంకొక నెల.
కొంగుల మడిచి తెచ్చింది.
"సదువు బిడ్డా, పాసా ఫేలా?"

ముప్పై ఎనిమిది.
నలభై ఉంటేనే పింఛను.
"ఫేలే పెద్దమ్మా. రెండు తక్కువ."
నవ్వింది.
"బడి మొఖం సూడకుండనే ఫేలైన సూడు."

ఏడ పోయినయి ఆ రెండు?
పేరు వెట్టి పిలిస్తే ఆమె మెడ మలగదు,
ఎడ్లబండిని తిప్పినట్టు
మనిషంత తిరగాలె.
గంటె కింద పడితే
కాలి బొటనేలితోటి గోడ దాంక జరిపి,
గోడ వట్టుకొని జారి, కూసుండి, తీస్తది.
లేసుడు మళ్ల ఇంకొక పని.
చేతులు భుజం దాటయి.
నెత్తి మనుమరాలు దువ్వుతది,
బడికి పొద్దువోతుందని గుంజి గుంజి.
నలభై ఏండ్లు తాగిన బోరింగు నీళ్లకు
ఎవలూ రశీదియ్యలే.
ఇచ్చి ఉంటే జతచేద్దును,
రెండు సెట్లు.

డాక్టరు మంచోడేనట.
ఆనాడు లైన్ల నూటపది మంది.
"నడువమ్మా" అన్నడట, నడిచిందట.
"వంగు" అన్నడట, కొంచెం వంగిందట.
ఎట్ల వంగినవే పెద్దమ్మా?
"పెద్దసారు ముంగట
ముల్గుకుంట నిలవడితే బాగుంటదా?
తానం జేసిన,
పెండ్లిల్లకు కట్టే చీర కట్టిన,
బస్సెక్కే ముందు
నొప్పి గోలీలు రెండేసుకున్న."

నేను జవాబు చెప్పలే.
జిరాక్సు మిషను వేడెక్కి
తనంత తనే చప్పుడు చేస్తున్నది.
బుక్కు తీసి ఎన్క సగంల రాసిన:
సదరం పోయేనాడు
గోలి ఏసుకోవద్దు. నొప్పిని ఎంటవెట్టుకపోవాలె.
రాసినంక చదువుకుంటే
అదేం మాటనో నాకే అర్థం కాలే.
కొట్టెయ్యలే గని.

మళ్లొకసారి సూడుమని దరఖాస్తు రాసిన.
"గౌరవనీయులైన" దగ్గర ఆమె ఆపింది,
"జర మంచిగ రాయి, తిట్టినట్టు ఉండొద్దు."
బొటనేలు సాపుగ రాదు,
నా రెండు చేతులతోటి వట్టి
సిరా డబ్బీల ఒత్తి, కాయితం మీద ఒత్తిన.
అచ్చు సగమే వడ్డది.
వట్టిందో లేదో సారు చెప్పాలె.

వద్దన్నా ఇనక
కొంగు ముడి ఇప్పి రూపాయి బిళ్లలు తీసింది.
ఒకటి నా చేతిల వడ్డది,
ఒకటి కింద.
నేను కర్ర మీద వంగలేను,
ఆమె వంగితే లేవలేదు.
ఇద్దరం కొంచెం సేపు దాన్నే సూసినం,
బావిల పడ్డ బొక్కెనను సూసినట్టు.
ముందు ఆమెనే నవ్వింది.
"ఉండనీయ్ బిడ్డా,
మళ్ల రావాలె గద."