చందా

నెలకి మూడువందల ఇరవై.
చీరకి ఫాల్ కుట్టి పీకో వేస్తే నలభై.
అంటే ఎనిమిది చీరలు,
నేను కట్టనివి,
గదిలో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండటానికి.

ఆడి నెల వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగాయి.
కొరుక్కుపేటలో గూడ్సుబండి తప్ప
ఏదీ కదిలినట్టు లేదు.
పదో తారీకు రాత్రి
సీరియల్లో అత్త నోరు తెరవబోతుండగా
తెర నీలమైపోయింది.
ఆమె ఏమందో నాకు ఇప్పటికీ తెలీదు.

పెంచలయ్య వచ్చాడు.
ఒకప్పుడు కంపెనీ చొక్కా వేసుకుని
ఇదే గొడుగు బిగించినవాడు,
ఇప్పుడు నీళ్ళ క్యాన్లు మోస్తాడు.
మిద్దెవైపు మెడ సాచి చూసి
"నువ్వు కట్టింది పెట్టెకి అక్కా, గొడుక్కి కాదు.
పైన ఊరికే రాలేవి కూడా ఉన్నాయి,
మనం కాస్త అటు తిరగాలంతే" అన్నాడు.

రిచీ స్ట్రీట్లో పెట్టె
తొమ్మిదొందలు చెప్పి ఏడొందల యాభైకి ఇచ్చారు.
రిమోటులోకి బ్యాటరీలు మన ఖర్చే.

ఆదివారం.
పైన పెంచలయ్య, చేతిలో పదమూడో నంబరు స్పానరు.
మెట్లమీద పక్కింటి ధనకోటి, ఉల్లిపాయలు ఒలుస్తూ.
కింద నేను, తెరమీద రెండు గీతలు.
బలం ఎనభై. నాణ్యత సున్నా.
"బలం ఎప్పుడూ ఉంటది, దాన్ని నమ్మబాక!
నాణ్యత చెప్పు!"
సున్నా అంటాను.
ధనకోటి దాన్ని అరవంలోకి మార్చి పైకి విసురుతుంది.
పెంచలయ్యకి తెలుగొచ్చని ఆమెకీ తెలుసు.
గొడుగు హార్బరువైపు ఒక అంగుళం.
సున్నా.
ఇంకో అర.
అంత ఆకాశంలో
మనది ఎక్కడో ఒక సూదిబెజ్జం.
నాకు తెలుసు ఆ పని,
దారం కొస తడిచేసి, ఒక కన్ను మూసి,
ఊపిరి కూడా తీసుకోకుండా.

పన్నెండు.
ముప్ఫైఒకటి.
అరవైనాలుగు!
"వందుడుచ్చు!" అని ధనకోటి అరిచిన అరుపుకి
ఉల్లిపాయలు నాలుగు మెట్లు దిగాయి.

ఏం వచ్చింది?
అత్త రాలేదు.
హిందీ కుస్తీ వచ్చింది, భజనలు వచ్చాయి,
మోకాళ్ళ నూనె అమ్మేవాడు వచ్చి
పోనని కూర్చున్నాడు.
సాయంత్రం ఐదున్నరకి మాత్రం, తెలుగులో,
వేరుశనగకి ఆకుముడత గురించి ఒకాయన
ఏమాత్రం తొందర లేకుండా చెప్పాడు.
నాకు సెంటు నేల లేదు.
మిషను ఆపి మరీ విన్నాను.
ఆ రోజంతా నాచేత ఏదీ కొనిపించాలని చూడనివాడు
ఆయనొక్కడే.

చీకటిపడ్డాక మిద్దెమీదికెళ్ళాను.
చుట్టూ ఇళ్ళమీద గొడుగులన్నీ
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా
పెళ్ళి ఫొటోలో చుట్టాల్లా నిలబడి ఉన్నాయి.
వాటిలో డబ్బు కట్టినదేదో కట్టనిదేదో
చూస్తే తెలీలేదు.

ఒకటో తారీకున కంపెనీ మెసేజీ:
"మిమ్మల్ని మిస్ అవుతున్నాం."
ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళు,
ఇంతమాట ఎవరూ అనలేదు.
రెండు రోజులు ఉంచుకుని తీసేశాను.

ఇక ఎవరికీ బాకీ లేననుకున్నాను.
ఒక మధ్యాహ్నం వార్తలు చదివే అమ్మాయి
నోరు సగం తెరిచి
చదరాలు చదరాలుగా విడిపోయింది.
మిద్దెక్కి చూస్తే
గొడుగు చెయ్యి చివర, సరిగ్గా ఆ బుడిపెమీద, కాకి.
తోలాను. వచ్చింది.
ఎర్ర గుడ్డపీలిక కట్టాను.
దానిమీదే కూర్చుంది, మెత్తగా ఉందని కాబోలు.

ఇప్పుడు రోజూ పన్నెండింటికి
పిట్టగోడ అవతలి మూల
ఒక అన్నంముద్ద పెడతాను,
పప్పు ఉన్నరోజు పప్పుతో.
అది తింటున్నంతసేపూ వార్తలు నిలకడగా ఉంటాయి.

నిన్న ఒక జాకెట్టు చేతులు కుదరక
పావుగంట ఆలస్యమైంది.
తెర చెదిరింది.
"వస్తున్నా, ఉండు" అంటూ
గిన్నె పట్టుకుని మెట్లెక్కాను.